మెడ దగ్గరి జబ్బుకీ వేళ్ల నొప్పికీ చుట్టరికం

"హషిమోటో థైరాయిడ్ అని రోజూ మాత్ర వేసుకుంటున్నాను. ఈమధ్య పొద్దున లేచేసరికి వేళ్లు బిగుసుకుపోతున్నాయి. మాత్ర వేడి చేసిందని ఇంట్లో మాన్పించేస్తున్నారు. నిజమేనాండీ?" టెక్కలి నుంచి ఒక పాఠకురాలి ప్రశ్న.

మాత్ర మానకండమ్మా. మీ గ్రంథి తయారు చేయలేకపోతున్న హార్మోన్‌నే అది ఇస్తోంది. అయితే రెండింటికీ సంబంధం ఉందేమోనన్న మీ అనుమానం సరైనదే. హషిమోటోలోనూ రుమటాయిడ్ కీళ్లవాతంలోనూ రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే దాడి చేస్తుంది. ఒకటి ఉన్నవాళ్లకు రెండోది వచ్చే అవకాశం మిగతావాళ్లకంటే ఎక్కువ.

ఎందుకో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. కొన్ని రక్షణ కణాల మీద హెచ్‌ఎల్‌ఏ-డీఆర్ అనే ప్రోటీన్ ఉంటుంది. ఇతర ప్రోటీన్ల ముక్కలను పట్టుకుని దాడికి దిగే టీ కణాలకు (ఒక రకం తెల్ల రక్తకణాలు) చూపించడం దాని పని. గుంట పునుగుల పెనంలా దానికీ గుంటలుంటాయి. ఏ ముక్క ఏ గుంటలో ఇముడుతుందనేది గుంట ఆకారాన్ని, విద్యుదావేశాన్ని బట్టి ఉంటుంది. కీళ్లవాతం ఉన్న చాలామందిలో ఈ ప్రోటీన్‌లోని బీటా గొలుసు అనే భాగంలో 70 నుంచి 74 స్థానాల వరకు అమైనో ఆమ్లాలు (ప్రోటీన్‌ను కట్టే ఇటుకలు) దాదాపు ఒకే తీరులో ఉంటాయని 1987లో ప్రతిపాదించారు. అందులో 71వది లైసిన్ లేదా ఆర్జినిన్. రెండిటిదీ ధనావేశమే. అందుకే ఆ గుంట, ధనావేశమున్న ఆర్జినిన్ ముక్కను నెట్టేస్తుంది. కానీ వాచిన కీళ్లలో, పొగతాగేవారి ఊపిరితిత్తుల్లో ప్యాడ్ అనే ఎంజైములు ఆర్జినిన్‌ను సిట్రులిన్‌గా మారుస్తాయి. ఆవేశం పోతుంది. నిన్న ఇమడని ముక్క ఇవాళ గుంటలో కుదురుకుంటుంది! టీ కణం దాన్ని పరాయిదనుకుంటుంది, సిట్రులిన్ ఉన్న ప్రోటీన్ల మీద దాడి చేసే యాంటీ-సీసీపీ యాంటీబాడీలు పుడతాయి.

ఇక థైరాయిడ్ సంగతి. హషిమోటో రోగుల్లోనూ ఇదే గుంటలో 71వ స్థానపు లైసిన్, థైరాయిడ్ అతిగా పనిచేసే గ్రేవ్స్ జబ్బులో 74వ స్థానపు ఆర్జినిన్ బయటపడ్డాయి. అక్కడ గుంటలో పడేది థైరాయిడ్ గ్రంథిలోని థైరోగ్లోబులిన్ అనే ప్రోటీన్ ముక్క.

థైరాయిడ్ హార్మోన్ తగ్గినా ఒళ్లునొప్పులు, వేళ్ల తిమ్మిర్లు వస్తాయి. కాబట్టి ముందు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూపించుకోండి. అది సరిగ్గా ఉండి, వేళ్లు అరచేతిని కలిసేచోటి కణుపులు వాచి, బిగుసుకోవడం గంటకు పైగా ఉంటే యాంటీ-సీసీపీ పరీక్ష, కీళ్ల డాక్టరు అవసరం.

మందుల షాపులో నొప్పి మాత్రలు కొని నెలల తరబడి మింగడం మాత్రం వద్దు. అవి కిడ్నీలను దెబ్బతీయగలవు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కుదేలు చేసిందో మన జిల్లాలో అందరికీ తెలుసు. నొప్పి మాత్ర తప్పదంటే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూసి, డాక్టరు చెప్పిన మోతాదులోనే వాడండి.