పొత్తికడుపులో తూటా వెళ్లిన దారి

1999లో తూర్పు కాంగోలోని బుకావు నగరంలో డాక్టర్ డెనిస్ ముక్వేగే పాంజీ ఆసుపత్రి మొదలుపెట్టారు. ఆయన స్త్రీల వైద్యుడు. కాన్పుల్లో చనిపోతున్న తల్లులను కాపాడాలని దాన్ని పెట్టారు. కానీ అక్కడ చేరిన మొట్టమొదటి రోగి అత్యాచారానికి గురైన స్త్రీ. ఆమె జననాంగాలపై తుపాకీతో కాల్చారు. 2018లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్నప్పుడు తన ప్రసంగంలో ఆయనే ఈ సంగతి చెప్పారు.

ఇలాంటి గాయానికి వైద్యం ఎందుకంత కష్టమో తెలియాలంటే ముందు ఆ చోటు ఎలాంటిదో చూడాలి. నడుము కింద గిన్నెలా ఉండే ఎముకల గూడును కటి అంటాం. అందులో ముందువైపు మూత్రాశయం, వెనక పురీషనాళం (పేగు చివరి భాగం), మధ్యలో గర్భాశయం, యోని ఉంటాయి. అటూ ఇటూ అండాశయాలు, మూత్రపిండాల నుంచి దిగే సన్నని నాళాలు, కాళ్లకు నెత్తురు తీసుకెళ్లే పెద్ద రక్తనాళాలు. అన్నీ ఒకదాన్నొకటి ఆనుకునే ఉంటాయి కాబట్టి ఒక్క తూటా మూడు నాలుగు అవయవాలను చీల్చుకుంటూ పోగలదు. ఎముకకు తగిలితే ఆ ముక్కలు కూడా ఎగిరి గుచ్చుకుంటాయి.

వెంటనే ప్రాణం తీసేది రక్తస్రావం. బీపీ పడిపోతుంటే స్కాన్ కోసం ఆగరు, నేరుగా ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్తారు. రక్తం ఎక్కిస్తారు. గాయమైన 3 గంటల్లోపు రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ మందు ఇస్తే మరణాలు తగ్గుతాయని క్రాష్-2 పరిశోధన చూపింది. ఇరవై వేల మందికి పైగా రోగులపై చేసిన అధ్యయనం అది.

రోగి కాస్త నిలకడగా ఉంటే లెక్క మొదలవుతుంది. ఒంటి మీద ఎన్ని రంధ్రాలున్నాయి, ఎక్స్‌రేలో ఎన్ని తూటాలు కనిపిస్తున్నాయి? రెండూ కలిపితే సాధారణంగా సరిసంఖ్య రావాలి. బేసి వచ్చిందంటే ఏదో ఒక రంధ్రమో తూటానో కంటపడలేదన్నమాట. పిరుదుల మడతలో, తొడల సందులో, ఒక్కోసారి యోని లోపలే ఆ రంధ్రం దాగి ఉంటుంది. ఎక్స్‌రేకు ముందు ప్రతి గాయం దగ్గర ఒక పేపర్ క్లిప్ లాంటిది అంటిస్తే తూటా ఏ దారిన వెళ్లిందో ఊహించవచ్చు. తర్వాత సీటీ స్కాన్. మూత్రంలో నెత్తురు కనిపిస్తే క్యాథెటర్ అనే సన్నని గొట్టం ద్వారా మూత్రాశయంలోకి స్కాన్‌లో స్పష్టంగా కనిపించే కాంట్రాస్ట్ మందు కనీసం 300 మిల్లీలీటర్లు నింపి మరీ స్కాన్ తీస్తారు. సగం నిండిన సంచిలో చిన్న చిల్లు బయటపడదు. పురీషనాళాన్ని వేలితో, స్కోప్‌తో చూస్తారు.

అన్నిటికంటే ఎక్కువగా వాయిదా పడేది యోని పరీక్ష. మొహమాటం ఒక కారణం. కనిపించే నెత్తురు నెలసరిదేమో అనుకోవడం ఇంకో కారణం. ఆ పొరపాటు జరగకూడదు. ఏం చేస్తున్నారో ఆమెకు చెప్పి, ఒప్పుకున్నాక, తోడుగా ఒక నర్సును ఉంచుకుని చెయ్యాలి. నొప్పి ఎక్కువగా ఉంటే మత్తు ఇచ్చి చెయ్యవచ్చు.

గర్భం ఉందేమో పరీక్ష తప్పనిసరి. 12 వారాల వరకు గర్భాశయం కటి ఎముకల చాటున ఉంటుంది, ఆ తర్వాత పైకి పెరుగుతుంది. దాని మందపాటి కండర గోడ తూటా వేగాన్ని తగ్గిస్తుంది. అందుకే తల్లి బతికి బిడ్డ దక్కకపోవడం ఎక్కువ. ఏమైనా ముందు తల్లి ఊపిరి, రక్తపోటు చూడాలి. 20 వారాలు దాటితే ఆమెను కాస్త ఎడమవైపు ఒరిగించి పడుకోబెట్టాలి. రక్తం నెగెటివ్ గ్రూపు అయితే యాంటీ-డి ఇంజెక్షన్ అవసరం.

ఆపరేషన్ ఒక్కసారిలో ముగియకపోవచ్చు. మొదట రక్తస్రావం ఆపి, మలం చిందకుండా చూసి, గాజుగుడ్డలు కుక్కి ఐసీయూకి పంపుతారు. ఒకటి రెండు రోజుల తర్వాత మళ్లీ తెరిచి మిగతా పని చేస్తారు. మొదటి రోజు బాగానే కనిపించిన కణజాలం తూటా తాకిడికి ఆలస్యంగా చనిపోవచ్చు. పురీషనాళం కింది భాగం బాగా దెబ్బతింటే మలాన్ని కొంతకాలం పొట్ట మీద సంచిలోకి మళ్లిస్తారు. గర్భాశయాన్ని వీలైనంతవరకు కుట్టి కాపాడతారు. రక్తస్రావం ఆగకపోతేనే తీసేస్తారు. మూత్రాశయానికీ యోనికీ ఎదురెదురుగా చిల్లులుంటే రెంటినీ విడివిడిగా కుట్టి, మధ్యలో పొట్టలోని కొవ్వు పొరను అడ్డుగా పెడతారు.

ఆ అడ్డు పెట్టకపోయినా, చిల్లు కనిపెట్టకపోయినా ఫిస్టులా, అంటే రెండు అవయవాలను కలిపే చిల్లు దారి, ఏర్పడవచ్చు. మూత్రమో మలమో యోని గుండా నిరంతరం కారుతూనే ఉంటుంది. వాసన వల్ల చాలాసార్లు భర్త వదిలేస్తాడు, ఊరు దూరం పెడుతుంది. ముక్వేగే బృందం ఏళ్ల తరబడి వేల మంది స్త్రీలకు చికిత్స చేస్తూ వచ్చింది. వైద్యంతో పాటు మనసుకు ఊరట, కోర్టులో సాయం, బతుకుతెరువు కూడా అక్కడ చూపిస్తారు. ఫిస్టులా కుట్టాలంటే వాపు, ఇన్‌ఫెక్షన్ తగ్గేదాకా సాధారణంగా నెలలు ఆగాలి. కుట్టాక నీలిరంగు మందు కలిపిన నీళ్లు మూత్రాశయంలోకి ఎక్కిస్తారు. యోనిలో పెట్టిన గాజుగుడ్డ తీసి చూస్తారు, తెల్లగా ఉందా లేదా అని.