సర్టిఫికెట్ కొన్ని ప్యానెళ్లకి, బిల్లు లక్షల ప్యానెళ్లకి

అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలంటారు. సోలార్ ప్యానెళ్ల దగ్గర ఈ లెక్క కుదరదు, అవన్నీ ఒకే గిన్నెలో ఉడికినవి కావు కాబట్టి. కర్నూలు దగ్గర గని, శకునాల గ్రామాల పరిసరాల్లో 2017లో పూర్తయిన 1000 మెగావాట్ల పార్కులో 40 లక్షలకు పైగా ప్యానెళ్లున్నాయి. అన్ని లక్షల్లో ఏది మంచిదో, ఏది కాదో తేల్చేదెలా?

ప్యానెళ్ల నాణ్యత పరీక్షలకు బాట వేసింది ఒక కొనుగోలుదారే. 1975లో మొదలైన అమెరికా ప్రభుత్వ పథకం కింద నాసాకు చెందిన జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ విడతలవారీగా ప్యానెళ్లు కొంది. ముందు విడతలో ఏవి పగిలాయో, ఏవి తుప్పు పట్టాయో చూసి, తర్వాతి విడతకు పరీక్షలు బిగించింది. అలా ఐదు విడతలు నడిచాయి. అంతకుముందు ప్యానెళ్లలో 45 శాతం దాకా పదేళ్లలోపే చెడిపోతే, ఐదో విడత పరీక్షలు నెగ్గినవాటిలో ఆ సంఖ్య 0.1 శాతం లోపే ఉందని తర్వాత లెక్కతేలింది.

ఆ అనుభవమే 1993లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 61215కి పునాది. 85 డిగ్రీల వేడి, 85 శాతం తేమలో 1000 గంటలు ఉంచుతారు. మైనస్ 40 నుంచి 85 డిగ్రీల దాకా 200 సార్లు చల్లబరిచి వేడిచేస్తారు. 25 మిల్లీమీటర్ల మంచు గుళ్లతో కొడతారు. అయితే ఇవి తొలినాళ్లలో బయటపడే లోపాలను పట్టేవే గానీ, పాతికేళ్ల ఆయుష్షుకు హామీ కావు. పైగా పరీక్షకు వెళ్లేది ఆ మోడల్ నమూనాలు కొన్నే. తర్వాత ఫ్యాక్టరీ చవక బ్యాక్‌షీట్‌కు, అంటే ప్యానెల్ వెనక రక్షణ పొరకు, మారినా, మళ్లీ పరీక్ష చేయించకపోతే పాత సర్టిఫికెట్టే చూపిస్తుంది.

మన దేశంలో 2010లో జాతీయ సోలార్ మిషన్ మొదలైంది. 2013 నుంచి ఐఐటీ బాంబే, గురుగ్రామ్‌లోని జాతీయ సౌరశక్తి సంస్థ కలిసి ఊరూరా తిరిగి ప్యానెళ్లను కొలిచాయి. వేడి ప్రాంతాల్లో, ఇళ్ల కప్పుల మీద ఉన్నవి త్వరగా నీరసిస్తున్నాయని తేలింది. 2017 సెప్టెంబరులో భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు వచ్చింది. 2019 జనవరిలో ఆమోదిత మోడళ్లు, తయారీదారుల జాబితా, అంటే ఏఎల్‌ఎంఎం, ఉత్తర్వు వెలువడింది; ప్రభుత్వ ప్రాజెక్టుల్లో ఈ జాబితాలోని ప్యానెళ్లే వాడాలన్నది దాని సారం. 2021 మార్చిలో వచ్చిన తొలి జాబితాలో ఉన్నవన్నీ మన ఫ్యాక్టరీలే. ఇది నాణ్యత కోసమా, దిగుమతులకు అడ్డుకట్టా? రెండూననే నా అభిప్రాయం. నాణ్యతే అసలు ఉద్దేశమైతే, 2023-24లో ఆ ఉత్తర్వును ఏడాదిపాటు పక్కనబెట్టి, 2024 ఏప్రిల్‌లో మళ్లీ అమలు చేయడం ఎందుకు?

అందుకే పెద్ద ప్రాజెక్టులవాళ్లు జాబితాతో సరిపెట్టుకోకుండా, సొంత ఆర్డర్‌లోంచే కొన్ని తీసి బయటి ల్యాబ్‌కు పంపుతున్నారు. ఫ్లాష్ టెస్ట్‌లో ప్యానెల్ మీద క్షణకాలం వెలుగు కొడితే, అసలు వాట్లు తేలతాయి. ఈఎల్ (ఎలక్ట్రోల్యూమినిసెన్స్) టెస్ట్‌లో చీకట్లో కరెంటు పంపి ప్రత్యేక కెమెరాతో ఫొటో తీస్తే, కంటికి కనబడని పగుళ్లు ఎక్స్-రేలోలా నల్లగా కనిపిస్తాయి. ఫ్యాక్టరీలో బాగున్నది లారీ కుదుపులకు పగలొచ్చు కాబట్టి, సైట్‌లో దించాక మరోసారి తీయిస్తారు.

గొడవంతా కొలతల దగ్గరే. ప్యానెల్ వెనక ముద్రించిన వాట్లు ఫ్యాక్టరీ యంత్రం చెప్పినవి, ల్యాబ్ యంత్రం ఒకటి రెండు శాతం అటూ ఇటూ చెప్పొచ్చు. 1000 మెగావాట్ల పార్కులో 2 శాతమంటే 20 మెగావాట్లు.