రక్తానికి పులుపు ఎందుకు అంటదు

ఉదయం లేవగానే పట్టిన మూత్రంలో కాగితపు పట్టీ ముంచి తీస్తే అది నారింజ రంగుకు తిరిగింది. డబ్బా మీది రంగులతో పోల్చి చూస్తే, ఆమ్లమో క్షారమో చెప్పే పీహెచ్ అంకె 5 దగ్గర ఉంది. 7కు కిందిది ఆమ్లం, పైది క్షారం. ఆ తర్వాత రెండు రోజులు మాంసం, గుడ్లు, చీజ్ మానేసి పండ్లూ ఆకుకూరలే ఎక్కువగా తిన్నాను. మూడో రోజు ఉదయం ముంచిన పట్టీ ఆకుపచ్చకు వచ్చి 7 మీద ఆగింది. నా చేతులతో నేనే చేసి చూశాను కనుక 'క్షార ఆహారం' తింటే రక్తంలో ఆమ్లం తగ్గుతుందనే ప్రచారాన్ని, ఈ పట్టీలను జనం ఎందుకంత గట్టిగా నమ్ముతారో నాకు అర్థమైంది. రంగు కళ్లెదుటే మారింది. తిండి మార్చితే ఒంట్లో ఆమ్లం తగ్గి క్షారం పెరిగిందనుకోవడానికి ఇంతకంటే రుజువేం కావాలనిపిస్తుంది.

కాని ఆ రెండు ఉదయాల్లో నా రక్తాన్ని పరీక్షించి ఉంటే, రెండుసార్లూ 7.35కూ 7.45కూ మధ్యనే కనిపించేది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఏం తిన్నా ఆ అంకె ఆ ఇరుకు సందు దాటి పోదు. పట్టీ నిజమే చెప్పింది. మనమే ఆ నిజాన్ని తప్పుగా చదువుకుంటున్నాం.

ఈ పీహెచ్ కొలత పుట్టింది 1909లో, కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో. సోరెన్‌సెన్ అనే రసాయన శాస్త్రవేత్త ఆమ్లానికి ఆ గుణాన్నిచ్చే హైడ్రోజన్ అయాన్ల సాంద్రతను చిన్న అంకెల్లో చెప్పడానికి దీన్ని తయారుచేశాడు. ఇందులో ఒక్కో మెట్టు పది రెట్లు. 7 నుంచి 6కి దిగితే ఆమ్లం పది రెట్లు పెరిగినట్టు, 5కి దిగితే వంద రెట్లు. రక్తం 7.4 అంటే లీటరులో హైడ్రోజన్ అయాన్లు 40 నానోమోల్స్ (మోల్ అంటే అణువులను, అయాన్లను లెక్కపెట్టే కొలమానం, నానో అంటే అందులో వంద కోట్లో వంతు, మిల్లీ అంటే వెయ్యో వంతు). అదే రక్తంలో సోడియం 140 మిల్లీమోల్స్ ఉంటుంది, అంటే దాదాపు 35 లక్షల రెట్లు ఎక్కువ. ఇంత పిసరు పదార్థం మీద శరీరం ఇంత కాపలా పెట్టడానికి కారణం ఉంది. హైడ్రోజన్ అయాన్ దొరికిన ప్రోటీనునల్లా అంటుకుని దాని ఆకారం మార్చేస్తుంది. ఆకారం మారిన ఎంజైము పని చెయ్యదు. రక్తం 6.8 కిందికి పడినా, 7.8 పైకి లేచినా మనిషి బతకడం కష్టం.

ఇక్కడే ఒక మాట తెచ్చిపెట్టే గందరగోళం తీర్చుకోవాలి. గుండెల్లో మంట వస్తే అందరం 'ఎసిడిటీ' అంటాం. ఆ మాట వినీ వినీ ఒళ్లంతా ఆమ్లంతో నిండిపోయిందనే ఊహ మనసులో స్థిరపడుతుంది. కడుపులో ఆమ్లం ఉండాల్సిందే. అక్కడ పీహెచ్ 1.5 దాకా దిగుతుంది. అది గొంతులోకి ఎగదన్నితే మంట పుడుతుంది, అంటే ఉండాల్సిన చోట కాక మరోచోట చేరిందన్నమాట. కడుపు గోడలోని కణాలు ఒక్కో హైడ్రోజన్ అయాన్‌ను కడుపులోకి తోసినప్పుడల్లా ఆమ్లాన్ని అణచే ఒక్కో బైకార్బొనేట్ అయాన్‌ను రక్తంలోకి వదులుతాయి. అందుకని భోజనం చేసిన కాసేపటికి రక్తం రవ్వంత క్షారం వైపు ఒరుగుతుంది కూడా. తిండి చిన్నపేగులోకి దిగగానే క్లోమం తన బైకార్బొనేట్‌ను కుమ్మరించి ఆ ఆమ్లాన్ని అణచివేస్తుంది. దాంతో ఆ లెక్క సరిపోతుంది.

ఇప్పుడు నిమ్మరసం వెంట వెళ్దాం. దాని పీహెచ్ 2 దగ్గర ఉంటుంది. నాలుకకు నిఖార్సయిన ఆమ్లం. అయినా 'క్షార ఆహారం' జాబితాల్లో నిమ్మకాయ పైనే ఉంటుంది, ఆ మాటలో కొంత నిజం ఉంది కూడా. నిమ్మలోని సిట్రిక్ ఆమ్లం మన కణాలకు కొత్త చుట్టం కాదు. తిండిని శక్తిగా మార్చే రసాయన చక్రంలో అదొక మెట్టు. 1937లో హాన్స్ క్రెబ్స్ బయటపెట్టిన ఆ చక్రం దాదాపు ప్రతి కణంలోనూ తిరుగుతూ సిట్రిక్ ఆమ్లాన్ని కార్బన్ డయాక్సైడ్‌గా, నీరుగా కాల్చేస్తుంది. పులుపు అలా ఊపిరిలో కలిసిపోతుంది. నిమ్మలో కొంత సిట్రేటు పొటాషియంతో జతకట్టి ఉంటుంది. ఆ సిట్రేటు కాలేటప్పుడు హైడ్రోజన్ అయాన్లను తనతో లాక్కుపోతుంది, వెనకాల బైకార్బొనేట్ మిగులుతుంది. నాలుకకు పుల్లగా తగిలింది శరీరానికి చివరికి క్షారంగా మిగలడం వెనుక కథ ఇదే. రోజూ పొద్దున్నే నిమ్మరసం తాగేవాళ్లకు మాత్రం ఒక మాట: ఆ పులుపు కాలిపోకముందే నేరుగా తాకేది పళ్లను. 5.5 కన్నా తక్కువ పీహెచ్‌లో పంటి ఎనామిల్ కరగడం మొదలవుతుంది.

తిండి కాలాక మిగిలేదాన్ని బట్టి ఆహారాన్ని ఆమ్లమనీ క్షారమనీ విడదీయడం వందేళ్లు దాటిన ఆలోచన. ఆహార పదార్థాన్ని కాల్చి, బూడిదలో ఏ మూలకాలు ఎంతెంత ఉన్నాయో చూశారు. గంధకం, భాస్వరం, క్లోరిన్ ఎక్కువైతే ఆమ్లం వైపు. పొటాషియం, మెగ్నీషియం, కాల్షియం, సోడియం ఎక్కువైతే క్షారం వైపు. 1912లో అమెరికాలో షెర్మన్, గెట్లర్ ఈ లెక్కలను పట్టికలుగా వేశారు. 1995లో జర్మనీలో రెమర్, మాంజ్ వాటిని సరిదిద్ది, ఏ మూలకం పేగుల్లోంచి ఎంత లోపలికి వెళ్తుందో కూడా కలిపి, 100 గ్రాముల పదార్థం కిడ్నీల మీద ఎంత ఆమ్లభారం వేస్తుందో చెప్పారు. వాళ్ల లెక్కలో పర్మేజాన్ చీజ్‌ది 34, పాలకూరది మైనస్ 14, ఎండుద్రాక్షది మైనస్ 21. మాంసం, గుడ్లు, చీజ్, ధాన్యాలు ఒక పక్క చేరాయి. పండ్లు, కూరగాయలు మరో పక్క చేరాయి. ఇది అసలైన శాస్త్రమే. వాళ్లు లెక్కగట్టింది కిడ్నీలకు పడే పనిని. ఆ అంకెలను రక్తానికి అంటగట్టినప్పుడే దారి తప్పింది.

అంత పని నిజంగా ఉంది. ప్రోటీనులోని గంధకం కాలితే ఒంట్లో గంధకికామ్లం తయారవుతుంది, బ్యాటరీల్లో పోసే అదే ఆమ్లం. మామూలు తిండి తినే పెద్దవాళ్లలో ఇలాంటి ఆవిరికాని, అంటే ఊపిరితో బయటికి పోలేని ఆమ్లం రోజుకు 50 నుంచి 100 మిల్లీమోల్స్ దాకా పుడుతుంది. పెద్ద అంకెలాగే కనిపిస్తుంది కదా. దాని పక్కన రెండో అంకె పెట్టి చూద్దాం.

కార్బన్ డయాక్సైడ్‌కు మన పాత పాఠ్యపుస్తకాల్లో బొగ్గుపులుసు వాయువు అని పేరు. పులుసు అంటే ఆమ్లం. ఆ పేరు పెట్టినవాళ్లు ఎంత సరిగ్గా పెట్టారో ఈ వ్యాసం కోసం లెక్కలు వేస్తుంటే తెలిసింది. ఈ వాయువు నీటిలో కలిస్తే ఆమ్లమవుతుంది. కదలకుండా కూర్చున్నా నిమిషానికి సుమారు 200 మిల్లీలీటర్లు, రోజుకు దాదాపు 300 లీటర్లు ఒంట్లో తయారవుతుంది. మోల్స్ లెక్కలో 13 వేల మిల్లీమోల్స్. పాలకూర తిన్నా మాంసం తిన్నా ఇది పుట్టాల్సిందే, పుట్టకపోతే శక్తే లేదు. అంటే మనం రోజూ తయారుచేసే ఆమ్లంలో వందో వంతు కూడా పదార్థాల జాబితాలతో మారేది కాదు. మిగతాదంతా ముక్కులోంచి బయటికి పోతుంది.

రక్తం పీహెచ్‌ను నిజంగా మార్చి చూడాలంటే అందుకే తిండి కంటే ఊపిరి దగ్గరి దారి. భయంలోనో కంగారులోనో గబగబా ఊపిరి తీసుకునేవాళ్లకు వేళ్ల చివర్లలో, పెదవుల చుట్టూ తిమ్మిరి పుట్టి, చేతులు కొంకర్లు పోతాయి. బొగ్గుపులుసు వాయువు అవసరానికి మించి బయటికి పోయి, రక్తం నిమిషాల్లోనే క్షారం వైపు జరిగి, కాల్షియం ప్రోటీన్లకు అతుక్కుపోవడం వల్ల వచ్చే బాధ అది. 'క్షార శరీరం' అంటే ఎలా ఉంటుందో తెలిపే అసలు అనుభవం ఇదే, ఎవరూ కోరుకునేది కాదు.

దీనికి ఎదురు ప్రయోగం జె.బి.ఎస్. హాల్డేన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త తన ఒంటి మీదే చేసుకున్నాడు. అమోనియం క్లోరైడ్‌ను నీళ్లలో కలుపుకుని తాగాడు. కాలేయం అమోనియాను యూరియాగా మార్చేస్తే వెనకాల హైడ్రోక్లోరిక్ ఆమ్లం మిగులుతుంది. రక్తం ఆమ్లం వైపు ఒరిగేసరికి ఆయన రొప్పడం మొదలుపెట్టాడు. ఆ ప్రయోగాల వివరాలు 1921లో అచ్చయ్యాయి. పెరిగిన ఆమ్లాన్ని ఊపిరితిత్తులు బొగ్గుపులుసు వాయువు రూపంలో ఊదిపారెయ్యడానికి పడే తంటాయే ఆ రొప్పు.

ఊపిరితిత్తులు ఊదలేనిది కిడ్నీల వాటా. రోజుకు 180 లీటర్ల ద్రవం వాటి వడపోతలోంచి సాగుతుంది. దానితోపాటు 4,300 మిల్లీమోల్స్ బైకార్బొనేట్ జారిపోతుంది. వంటసోడాగా తూచితే 350 గ్రాములకు పైమాటే. కిడ్నీలు దాన్నంతటినీ దాదాపు చుక్క పోకుండా ఏరుకుని రక్తానికి తిరిగి ఇస్తాయి. ఆ పైన తిండి తెచ్చిన ఆమ్లానికి సరిపడా హైడ్రోజన్ అయాన్లను అమోనియాకు, ఫాస్ఫేటుకు తగిలించి మూత్రంలోకి పంపిస్తాయి. పంపిన ప్రతి అయాన్‌కూ ఒక కొత్త బైకార్బొనేట్ రక్తానికి జమ అవుతుంది. మూత్రం పీహెచ్ 4.5 నుంచి 8 దాకా ఊగుతుందంటే, రక్తం ఊగకుండా ఉండటానికే.

తిండిని బట్టి మూత్రం ఇలా మారుతుందని మొదట చూపించింది కుందేళ్లు. 19వ శతాబ్దం నడిమిలో పారిస్‌లో క్లాడ్ బెర్నార్డ్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త దగ్గరికి సంత నుంచి తెచ్చిన కుందేళ్లు బల్ల మీదే మూత్రం పోశాయి. గడ్డి తినే జంతువుల మూత్రం మసకగా, క్షారంగా ఉండాలి. వీటిది తేటగా, ఆమ్లంగా ఉంది. ఎన్ని గంటలుగా తిండి లేదో ఏమో, తమ కండనే కరిగించుకుని బతుకుతున్నాయి, అంటే ఇప్పుడివి మాంసాహారులే అని ఆయనకు తట్టింది. గడ్డి పెట్టాడు, మూత్రం మసకబారి క్షారమైంది. పస్తు పెట్టాడు, మళ్లీ తేటపడి ఆమ్లమైంది. ఉడికించిన గొడ్డుమాంసం తినిపించినా ఆమ్లమే అయింది. నా పట్టీ ఉదయాన్నే నారింజ రంగు చూపడంలో వింతేమీ లేదు. రాత్రంతా పస్తున్న నేనూ అప్పటికి ఆ కుందేలులాంటివాణ్నే.

ఒంట్లో ఆమ్లాన్ని తగ్గిస్తుందంటూ సీసాల్లో అమ్మే క్షార జలం సంగతి పెన్సిలుతో తేల్చుకోవచ్చు. పీహెచ్ 9 ఉన్న లీటరు నీటిలో ఆమ్లాన్ని చంపగల హైడ్రాక్సైడ్ అయాన్లు 10 మైక్రోమోల్స్. కడుపులో ఊరే, పీహెచ్ 2 ఉన్న జఠర రసం ఒక్క మిల్లీలీటరులో హైడ్రోజన్ అయాన్లు కూడా 10 మైక్రోమోల్సే. లీటరు నీళ్లు తాగితే పావు చెంచా రసం చల్లారుతుంది. కడుపు రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్ల రసం ఊరిస్తుంది. బైకార్బొనేట్ దండిగా కలిసిన ఖనిజ జలం లెక్క వేరు, కాని సీసా మీది పీహెచ్ అంకె ఆ సంగతి చెప్పదు.

ఎముకల వాదం ఇంత తేలికగా తోసెయ్యదగింది కాదు. ఆమ్లభారాన్ని తట్టుకోవడానికి ఎముకలు జీవితాంతం కొద్దికొద్దిగా కరిగిపోతాయేమోనని 1968లో వాక్‌మన్, బెర్న్‌స్టీన్ అనే ఇద్దరు పరిశోధకులు రాశారు. ప్రోటీను ఎక్కువ తింటే మూత్రంలో కాల్షియం పెరగడం నిజమే కాబట్టి చాలాకాలం అందరూ నమ్మారు. తర్వాత లోపలికి వెళ్లే కాల్షియాన్ని, బయటికి పోయేదాన్ని కలిపి కొలిచారు. ప్రోటీను తిన్నప్పుడు పేగులు కాల్షియాన్ని ఎక్కువగా పీల్చుకుంటున్నాయని, మూత్రంలో పెరిగినదాంట్లో చాలా భాగం అక్కడిదేనని తేలింది. ఇలాంటి మేలైన పరీక్షలను 2009లో ఫెంటన్ బృందం ఒక్కచోట చేర్చి చూస్తే, మూత్రంలో కాల్షియం పెరిగినా ఒంట్లోని మొత్తం నిల్వ తగ్గిన జాడ లేదు. ఎముకలు పెళుసవుతాయని భయపడి ముసలివాళ్లు ప్రోటీను మానేస్తే కండ పోయి పడిపోతారు. నాకున్న బెంగ అది.

క్యాన్సర్ విషయంలో నాకు బెంగ కాదు, కోపమే వస్తుంది. ఆమ్లం వల్ల క్యాన్సర్ వస్తుందని కనిపెట్టినందుకు ఓటో వార్‌బర్గ్‌కు నోబెల్ ఇచ్చారని చెబుతుంటారు. 1931లో ఆయనకు ఆ బహుమతి వచ్చింది కణాల శ్వాసక్రియలోని ఎంజైము మీద చేసిన పనికి. కణితి చుట్టూ ఆమ్లం పేరుకునే మాట వాస్తవం. చక్కెరను అడ్డగోలుగా వాడుకుంటూ ఆ ఆమ్లాన్ని తయారుచేసేది కణితే. తిండితో రక్తాన్నే కదిలించలేనప్పుడు కణితి లోతుకు చేరి ఏం మార్చగలం? క్షార ఆహారంతో, నరంలోకి ఎక్కించే వంటసోడాతో రొమ్ము క్యాన్సర్‌కు వైద్యం చేస్తానన్న ఒకతను ఆ రోగికి 10.5 కోట్ల డాలర్లు చెల్లించాలని 2018లో అమెరికాలోని శాన్ డియేగో జ్యూరీ తీర్పు ఇచ్చింది. ఆమెకు పోయిన కాలం ఆ డబ్బుతో తిరిగి రాలేదు.

తిండిలోని ఆమ్లభారం నిజంగా లెక్కకు వచ్చే చోటు కిడ్నీలు దెబ్బతిన్నప్పుడు. పంపాల్సిన ఆమ్లాన్ని అవి పంపలేకపోతే రక్తంలో బైకార్బొనేట్ లీటరుకు 22 మిల్లీమోల్స్ కిందికి దిగుతుంది, అప్పుడు ఎముక, కండ రెండూ నిజంగానే కరుగుతాయి. డాక్టర్లు సోడియం బైకార్బొనేట్ బిళ్లలిస్తారు. 2013లో అచ్చయిన ఒక పరీక్షలో, పొటాషియం పెరిగే ప్రమాదం తక్కువున్న కిడ్నీ రోగులకు ఏడాది పాటు పండ్లు, కూరగాయలు ఇస్తే, బిళ్లలు వాడినవాళ్లలాగే వాళ్లకూ ఆమ్లత తగ్గింది. ఆ ఎంపిక ముఖ్యం. కిడ్నీలు బాగా చెడినవాళ్లలో పండ్ల పొటాషియం గుండె లయను తప్పించగలదు, డాక్టరును అడగకుండా మొదలుపెట్టే పని కాదు.

మూత్రం పట్టీకి కూడా తన స్థానం ఉంది. యూరిక్ ఆమ్లపు రాళ్లు మాటిమాటికీ పుట్టేవాళ్లలో మూత్రం పీహెచ్ 5.5 కిందే ఉండిపోతుంది, ఆ ఆమ్లంలో యూరిక్ ఆమ్లం కరగక గడ్డకడుతుంది. వాళ్లకు పొటాషియం సిట్రేట్ ఇస్తారు, నిమ్మలో ఉన్న ఆ సిట్రేటునే, తూచిన మోతాదులో. ఇంటి దగ్గర పట్టీ ముంచి చూసుకుంటూ 6 నుంచి 6.5 మధ్య నిలుపుకోమంటారు. 7 దాటితే మరో రకం రాళ్లు, కాల్షియం ఫాస్ఫేటువి, పేరుకోవడం మొదలవుతుంది. నన్ను మురిపించిన ఆ ఆకుపచ్చ రంగు వాళ్ల పట్టీ మీద కనిపిస్తే, మోతాదు తగ్గించాలేమోనని డాక్టరుకు ఫోను చెయ్యాల్సిన గుర్తు.