బయటికి ఎగిరిపడితేనే బతుకుతాం అనుకున్న రోజులు

ఎఫ్1 (ఫార్ములా 1) కార్ల రేసు వానకి ఆగినప్పుడల్లా ఒకటే గోల, పాతరోజుల్లో మొనగాళ్ళు నడిపేవాళ్ళు, ఇప్పుడు సేఫ్టీ సేఫ్టీ అని ఆటని చంపేశారు అని. ఈ మాట కొత్తదేం కాదు, 60 ఏళ్ళ నుంచీ వినపడుతూనే ఉంది. కాకపోతే అప్పట్లో అన్నవాళ్ళు తోటి డ్రైవర్ల అంత్యక్రియలకి వెళ్ళొచ్చి మరీ అనేవాళ్ళు.

1966 బెల్జియన్ గ్రాండ్ ప్రి తీసుకోండి. అప్పటి స్పా ట్రాక్ ల్యాప్ 14 కిలోమీటర్ల పైనే, మామూలు ఊరి రోడ్లే, పక్కనే ఇళ్ళు, చెట్లు, స్తంభాలు. స్టార్ట్ దగ్గర పొడిగా ఉంది, ట్రాక్ అటు చివర మాత్రం వాన, ఫస్ట్ ల్యాప్‌లోనే దాదాపు సగం కార్లు జారిపోయాయి. జాకీ స్టీవర్ట్ నడుపుతున్న బీఆర్ఎం కారు ఒక పొలం ఇంటి పక్కన పడింది, ట్యాంక్ పగిలి పెట్రోల్ కాక్‌పిట్‌లో నిండుతోంది, స్టీరింగ్ కాళ్ళకి అడ్డంపడి మనిషి కదల్లేడు, ఒక్క నిప్పురవ్వ పడితే అంతే. అతన్ని తీసింది అక్కడే జారిపోయిన ఇంకో ఇద్దరు డ్రైవర్లు, గ్రాహం హిల్, బాబ్ బాండురాంట్. స్టీరింగ్ విప్పడానికి పనిముట్టు కూడా లేకపోతే రేసు చూడ్డానికొచ్చిన ఒకాయన్ని అడిగి స్పానర్ తెచ్చారు. ఇదంతా అయ్యేసరికి దాదాపు 25 నిమిషాలు. ఆ తర్వాత ఆంబులెన్స్ లియేజ్ ఆసుపత్రికి దారి తప్పింది, అది వేరే కథ.

ఆ రోజు తర్వాత స్టీవర్ట్ కారు ఎక్కితే స్టీరింగ్ షాఫ్ట్‌కి ఒక స్పానర్ టేప్ వేసి అంటించి ఉండేది. ప్రపంచంలో అన్నిటికంటే స్పీడ్ కార్లు, వాటిలో సేఫ్టీ అంటే టేప్‌తో కట్టిన స్పానర్!

ఇక సీట్ బెల్ట్ సంగతి చెప్తే ఇప్పటివాళ్ళు నమ్మరు. చాలామంది డ్రైవర్లు పెట్టుకునేవాళ్ళు కాదు. డ్రైవర్‌కి రెండు పక్కలా పెట్రోల్ ట్యాంకులే, గుద్దితే అంటుకోవడం మామూలు, కట్టేసుకుని కాలిపోయే బదులు బయటికి ఎగిరిపడితే బతికే ఛాన్స్ ఉంటుందని లెక్క. వినడానికి పిచ్చిగా ఉంటుంది కానీ ఆ కార్లలో కూర్చుంటే మనమూ అదే అనుకుంటామేమో. స్టీవర్ట్ బెల్టులు కావాలన్నాడు, ట్రాక్ పక్కన బారియర్లు కావాలన్నాడు, డాక్టర్లు కావాలన్నాడు, దానికి పిరికివాడు అని పేరు పెట్టారు. 1969లో డ్రైవర్లు స్పాకి రామని మొండికేస్తే ఆ ఏడు రేసే జరగలేదు, దానికీ తిట్లే.

1970లో యోఖెన్ రింట్ కథ ఇంకా ఘోరం. ఇటలీలోని మాంజా ట్రాక్‌లో ప్రాక్టీస్‌లో బ్రేక్ షాఫ్ట్ విరిగి బారియర్‌కి కొట్టాడు. బెల్టులు పెట్టుకున్నాడు, కానీ తొడల మధ్యనుంచి వచ్చే పట్టీ మాత్రం వదిలేశాడు, అంటుకుంటే గబుక్కున దూకాలి కదా. ఆ పట్టీ లేక ఒళ్ళు కిందకి జారి, పైన పెట్టుకున్న బెల్టే గొంతు దగ్గర ప్రాణం తీసింది. పాయింట్లలో అతన్ని ఎవరూ దాటలేకపోయారు, చనిపోయాక ఛాంపియన్ అయినవాడు ఎఫ్1 చరిత్రలో అతనొక్కడే.

1973లో నెదర్లాండ్స్‌లోని జాండ్‌వోర్ట్ ట్రాక్‌లో జరిగిన రేసు వీడియో దొరుకుతుంది, నేను ఒకసారి చూశాను, రెండోసారి చూడలేదు. రోజర్ విలియమ్సన్‌కి 25 ఏళ్ళు, ఎఫ్1లో రెండో రేసు. కారు తిరగబడి మంటలు, లోపల మనిషి బతికే ఉన్నాడు. వెనక వస్తున్న డేవిడ్ పర్లీ తన రేసు వదిలేసి కారు ఆపి ట్రాక్ దాటి పరిగెత్తాడు, ఒంటరిగా కారుని తిప్పడానికి నెట్టాడు, మార్షల్ (ట్రాక్ పక్కన ఉండే సిబ్బంది) దగ్గర మంటలార్పే సిలిండర్ లాక్కుని కొట్టాడు, అది అయిపోయింది, మళ్ళీ నెట్టాడు. మార్షల్స్‌కి మంటని తట్టుకునే బట్టలు లేవు, దగ్గరికి రాలేకపోయారు. రేసు ఆపలేదు. పక్కనుంచి వెళ్తున్న డ్రైవర్లు, ఆ కారు పర్లీదే, బయటపడ్డాడులే అనుకున్నారు. విలియమ్సన్ ఊపిరాడక పోయాడు. పర్లీకి తర్వాత ధైర్యానికి ఇచ్చే జార్జ్ మెడల్ ఇచ్చారు.

ఇక్కడ నాకు కోపం తెప్పించేది ఒకటే, మంట వస్తుందని అందరికీ తెలుసు. 1964 ఇండియానాపోలిస్‌లో ఎడ్డీ సాక్స్, డేవ్ మెక్‌డొనాల్డ్ అలాగే పోయారు, 1967లో మొనాకోలో బందీనీ, 1968లో రూవాన్‌లో ష్లెసర్, 1970లో ఇదే జాండ్‌వోర్ట్‌లో పియర్స్ కరేజ్. తెలియక పోవడం వేరు, తెలిసీ ఫైర్ సూట్లకి డబ్బు పెట్టకపోవడం వేరు.

1978లో మాంజా. స్టార్ట్ అయిన కొన్ని సెకన్లకే గుద్దులాట, రోనీ పీటర్సన్ కారు మంటల్లో, ఇక్కడా లాగింది తోటి డ్రైవర్లే. కాళ్ళు విరిగాయి తప్ప బతుకుతాడనుకున్నారు, మర్నాడు ఎముకల్లోని కొవ్వు రక్తంలో కలిసి చనిపోయాడు. అసలు ఎఫ్1 డాక్టర్ సిడ్ వాట్కిన్స్ పరిగెత్తుకొస్తే పోలీసులు వలయం కట్టి ఆయన్నే ఆపేశారు, ఆంబులెన్స్ కూడా లేటు. వాట్కిన్స్ ఆ కోపంలో పట్టుబట్టి సాధించినది ఒకటుంది, ఫస్ట్ ల్యాప్‌లో రేసు కార్ల వెనకాలే డాక్టర్ ఉన్న కారు వెళ్ళాలి. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

80ల్లో కార్ల బాడీకి కార్బన్ ఫైబర్ వచ్చింది. 1981లో మెక్‌లారెన్ మొదలెట్టినప్పుడు గుద్దితే పొడైపోతుందని నవ్వారు, అదే ఏడు మాంజాలో జాన్ వాట్సన్ కారు రెండు ముక్కలైతే మనిషి నడుచుకుంటూ వచ్చేశాడు, నవ్వులు ఆగాయి. 1982లో విల్నవ్, పలెట్టి పోయాక 12 ఏళ్ళు రేస్ వీకెండ్‌లో ఒక్క చావూ లేదు, 1986లో టెస్టింగ్‌లో డి ఏంజెలిస్ పోయినా అది టెస్టింగే కదా అని తీసేశారు. ఇక ఎవరూ చావరు అన్న నమ్మకం వచ్చేసింది.

1994లో ఇటలీలోని ఇమోలా ట్రాక్ గురించి అందరూ రాసిందే, శుక్రవారం బారికెలో గుద్ది బతికి బయటపడ్డాడు, శనివారం రాట్జెన్‌బర్గర్ పోయాడు, ఆదివారం సెన్నా పోయాడు. నేను రెండు సంగతులే చెప్తా. ఒకటి, సెన్నా గుద్దిన టాంబురెల్లో మలుపు గోడ. 1989లో అదే చోట బెర్గర్ గుద్ది అంటుకున్నాడు, మార్షల్స్ సెకన్లలో ఆర్పారు కాబట్టి బతికాడు. తర్వాత బెర్గర్, సెన్నా ఇద్దరూ అక్కడికి నడిచెళ్ళి చూస్తే గోడ వెనకాలే నది, జరపడానికి లేదని వచ్చేశారట. మలుపునే మార్చొచ్చు అని తట్టలేదు, సెన్నా పోయాక అదే చేశారు.

రెండోది హాన్స్. గుద్దినప్పుడు ఒళ్ళు బెల్టుకి ఆగుతుంది, తల ఆగదు, పుర్రె అడుగున ఎముక విరుగుతుంది. రాట్జెన్‌బర్గర్‌కి తగిలింది ఆ దెబ్బే. హెల్మెట్‌ని భుజాల మీద కూర్చునే కాలర్‌కి పట్టీలతో కట్టేస్తే తల ముందుకి పోదు, ఇదీ హాన్స్. రాబర్ట్ హబ్బర్డ్ అనే ప్రొఫెసర్, ఆయన బావమరిది వరస రేసర్ జిమ్ డౌనింగ్ కలిసి దీన్ని 80ల్లోనే చేసేశారు, అంటే ఇమోలా నాటికి వస్తువు ఉంది, వాడేవాడు లేడు. ఎఫ్1లో తప్పనిసరి అయింది 2003లో, అప్పుడు కూడా భుజాలు నొప్పి అని గొణిగినవాళ్ళు బోలెడు.

హాలో, అంటే డ్రైవర్ తల చుట్టూ ఉండే కమ్మీ, దానికీ అంతే. 2009లో బ్రాండ్స్ హ్యాచ్‌లో ఊడిన చక్రం తగిలి 18 ఏళ్ళ హెన్రీ సర్టీస్ పోయాడు, 6 రోజులకే హంగరీలో స్ప్రింగ్ ఎగిరొచ్చి మాస్సా హెల్మెట్‌కి తగిలింది. 2015లో అమెరికా ఇండీకార్ రేసులో జస్టిన్ విల్సన్ తలకి ముందు కారు ముక్క తగిలింది. అయినా 2018లో హాలో పెడితే చెప్పు పట్టీలా ఉందని ఎగతాళి, మెర్సిడెస్ బాస్ టోటో వోల్ఫ్ రంపం ఇస్తే కోసేస్తానన్నాడు. వద్దన్నవాళ్ళలో డ్రైవర్ గ్రోజాన్ కూడా ఉన్నాడు.

2020 బహ్రెయిన్ లైవ్ చూస్తున్నా. ఫస్ట్ ల్యాప్, పెద్ద నారింజ మంట, రీప్లే వెయ్యట్లేదు. రీప్లే వెయ్యట్లేదంటే ఏంటో చూసేవాళ్ళకి తెలుసు. గ్రోజాన్ కారు రెండు ముక్కలై ముందు భాగం బారియర్‌లోకి దూసుకుపోయింది, తల ముందు ఇనప రేకుని చీల్చింది హాలో. దాదాపు 28 సెకన్లు మంటలో ఉండి తనే ఎక్కి వచ్చాడు, అప్పటికి డాక్టర్ ఇయన్ రాబర్ట్స్ మంట పక్కనే నిలబడి ఉన్నాడు. ఎలా అంటారా, ఫస్ట్ ల్యాప్ కదా, మెడికల్ కార్ వెనకాలే వస్తోంది. 1978 నాటి రూల్.

అన్నీ ఇలా కలిసిరావు. 1994లో జపాన్‌లోని సుజుకా ట్రాక్‌లో వానలో బ్రండల్ జారి అక్కడున్న ట్రాక్టర్‌ని కొద్దిలో తప్పించుకుని ఒక మార్షల్ కాలు విరగ్గొట్టాడు. 2014లో అదే మలుపు, అదే వాన, ట్రాక్టర్ కిందకి జూల్స్ బియాంకీ కారు వెళ్ళింది, 9 నెలలు కోమాలో ఉండి పోయాడు. దాంతో వర్చువల్ సేఫ్టీ కార్ వచ్చింది, అంటే ప్రమాదం జరిగితే ట్రాక్ మీద కార్లన్నీ నెమ్మదించాలనే రూల్. 2022లో మళ్ళీ సుజుకా, మళ్ళీ వాన, కార్లు తిరుగుతుండగానే ట్రాక్ మీదకి ట్రాక్టర్, పక్కనుంచి వెళ్ళిన గ్యాస్లీ రేడియోలో అరిచిన అరుపు విన్నవాళ్ళు మర్చిపోరు.

ఇప్పుడు మిగిలిన పెద్ద తలనొప్పి నీటి తుంపర. తెరిచి ఉన్న చక్రాలు నీళ్ళు లేపితే వెనకున్నవాడికి ఏమీ కనపడదు, ముందు కారు అడ్డంగా ఆగి ఉంటే గుద్దేదాకా తెలీదు. పక్కనుంచి తగిలే ఆ దెబ్బకి హాలో చేసేది తక్కువ. 2023లో స్పాలో 18 ఏళ్ళ డిలానో వాన్ట్ హాఫ్ అలాగే పోయాడు, రేడియాన్ దాటిన స్ట్రెయిట్‌లో, వానలో. చక్రాల మీద కవర్లు పెట్టి సిల్వర్‌స్టోన్‌లో, ఫియోరానోలో టెస్ట్ చేశారు, తుంపర అనుకున్నంత తగ్గలేదు.

2025 జులైలో అదే స్పాలో వాన పడి ఎఫ్1 రేసు గంటా ఇరవై నిమిషాలు ఆగింది. తర్వాత వెర్స్టాపెన్, మరీ ఎక్కువ సేపు ఆపారు, వానలో నడపనివ్వాల్సింది అని విసుక్కున్నాడు.