విలీనాలపై పరిశోధన: అపోహలు, వాస్తవాలు

అపోహ: బ్యాంకుల్లో డీల్స్ కుదిర్చినవాళ్లకే ఈ పరిశోధన అబ్బుతుంది.

వాస్తవం: ఆ అనుభవం పనికొస్తుంది, కానీ పీహెచ్‌డీ మొదటి రెండేళ్లు గట్టెక్కించేది ఎకనామెట్రిక్స్, అంటే ఆర్థిక డేటాకు గణాంక పద్ధతులు వాడే విద్య. ఎంబీఏ లేకపోయినా ఫర్వాలేదు. ఆ తర్వాత కాలమంతా గడిచేది ఎక్కువగా డేటా శుభ్రం చేయడంలోనే.

అపోహ: విలీన ప్రకటన తేదీ డేటాబేస్‌లో ఉంటుంది, తీసుకుని లెక్క వేస్తే సరి.

వాస్తవం: చాలా పేపర్లు చెడేది ఇక్కడే. ప్రకటనకు షేరు ఎలా స్పందించిందో కొలిచే పద్ధతి ఈవెంట్ స్టడీ. అందులో ముందుగా, ప్రకటనకు 250 రోజుల ముందు నుంచి 30 రోజుల ముందు దాకా ఉన్న ట్రేడింగ్ ధరలతో షేరు సూచీని ఎలా అనుసరిస్తుందో అంచనా కడతాం. దాన్నిబట్టి ప్రకటన ముందురోజు, ఆ రోజు, మర్నాడు రావాల్సిన రాబడిని అసలు రాబడిలోంచి తీసేస్తాం. మిగిలినవి కూడితే అసాధారణ రాబడి. మన మార్కెట్ 3:30కి మూతపడుతుంది. సాయంత్రం 5 గంటలకు వచ్చిన ప్రకటనకు సున్నా రోజు (మార్కెట్ స్పందించగల మొదటి రోజు) మర్నాడే అవుతుంది. అందుకే ఎక్స్ఛేంజి ఫైలింగ్ మీది సమయం ఒక్కో డీల్‌కూ స్వయంగా చూసుకోవాలి. అదే రోజు త్రైమాసిక ఫలితాలూ వెలువడితే ఆ డీల్‌ను పక్కన పెట్టాలి.

హైదరాబాద్ సత్యం కంపెనీనే చూడండి. 2008 డిసెంబరు 16న, దాని వ్యవస్థాపకుడు రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీల కొనుగోలు ప్రకటన మన మార్కెట్ మూశాక వచ్చింది. న్యూయార్క్‌లో సత్యం ఏడీఆర్ (దాని షేర్లకు ప్రతిగా అక్కడ ట్రేడయ్యే పత్రం) సగానికి పైగా పడిపోయింది. 17న ముంబైలో ట్రేడింగ్ మొదలయ్యేసరికే కంపెనీ వెనక్కి తగ్గింది. అయినా షేరు 30% దాకా పడింది. ఆ పతనాన్ని కొనుగోలు మీద స్పందనగా రాస్తే తప్పు. కొనుగోలు ఆగిపోయాక కూడా తిరిగి రాని నమ్మకం విలువ అది.

అపోహ: టార్గెట్ (అమ్ముడుపోయే కంపెనీ) షేరు ఎగిసిందంటే విలువ పెరిగినట్టే.

వాస్తవం: శాతాలు కాదు, రూపాయలు కూడాలి. కొనే కంపెనీ విలువ 10,000 కోట్లై, 2% పడితే 200 కోట్లు పోయాయి. 800 కోట్ల టార్గెట్ 20% పెరిగితే 160 కోట్లు వచ్చాయి. మొత్తం మీద 40 కోట్ల నష్టం.

అపోహ: నమూనా ఎంత పెద్దదైతే అంత మంచిది.

వాస్తవం: మన దేశంలో చాలా విలీనాలు అనుబంధ సంస్థను మాతృసంస్థలో కలుపుకొనేవే. యాజమాన్యం మారనప్పుడు వాటిని టేకోవర్లతో కలిపి లెక్కిస్తే ఫలితం పలచబడుతుంది. కొనేవారికి డీల్‌కు ముందు 50% లోపు, తర్వాత 50% పైన వాటా ఉన్నవే ఉంచండి. నమూనా బాగా కుంచించుకుపోతుంది, అయినా అదే నయం.

అపోహ: విలీనమైన కంపెనీలను కానివాటితో పోల్చితే చాలు.

వాస్తవం: విలీనం కంపెనీలు ఎంచుకున్న దారి, లాటరీలో తగిలింది కాదు. అందుకే ఆగిపోయిన డీల్స్‌తో పోలుస్తారు. అప్పుడూ ఎందుకు ఆగాయో ఒక్కొక్కటీ చదవాలి. కొనే ముందు చేసే తనిఖీలో టార్గెట్ లొసుగు బయటపడి ఆగినది పోలికకు పనికిరాదు. పోటీ నియంత్రణ సంస్థ ఆపినదాన్నీ గుడ్డిగా నమ్మలేం, పోటీని దెబ్బతీసే డీల్స్‌నే అది ఆపుతుంది కనుక.