కళ్ళజోడుకీ కంటికీ మధ్య ఒక వెంట్రుక

మా అక్క కూతురు కళ్ళజోడు వదిలించుకునే లేజర్ ఆపరేషన్ కోసం ఆఫీసుకు సెలవు పెట్టి, తోడుగా వాళ్ళమ్మను ఊరి నుంచి రప్పించుకుని ఆసుపత్రికి వెళ్ళింది. మొదటి మెషీన్ దగ్గరే టెక్నీషియన్ అడిగిన ప్రశ్న: "లెన్సులు ఎప్పుడు తీశారమ్మా?" "ఇప్పుడే, ఇక్కడికి వచ్చాక" అంది. రెండు వారాలు కాంటాక్ట్ లెన్సులు మానేసి అప్పుడు రమ్మని పంపేశారు. అపాయింట్‌మెంట్ ఇచ్చిన రోజు ఫోన్లో ఆ ఒక్క ముక్క చెప్పి ఉంటే సెలవులూ ప్రయాణమూ దండగ అయ్యేవి కావని అక్క చాలా బాధపడింది. ఆ బాధలో న్యాయముంది. కానీ ఆ రోజు తిప్పి పంపడం మాత్రం నూటికి నూరుపాళ్ళూ సరైన పని. ఎందుకో తెలిస్తే ఈ ఆపరేషన్ సగం అర్థమైనట్టే.

నల్లగుడ్డు మీద గడియారం అద్దంలా కప్పి ఉండే పారదర్శకమైన పొర కార్నియా. కంట్లోకి వచ్చే వెలుగును వంచి, కంటి వెనక తెరలా ఉండే రెటీనా మీదికి చేర్చే పనిలో దాదాపు మూడింట రెండు వంతులు దీనిదే. మిగతాది కంటి లోపల సహజంగా ఉండే లెన్సుది. మైనస్ సైట్ ఉన్నవాళ్ళలో చాలామందికి కనుగుడ్డు ఉండాల్సిన దానికన్నా కాస్త పొడవు. అందుకే వెలుగు రెటీనాకు ముందే ఒకచోట కలిసిపోతుంది, దూరంగా వచ్చే బస్సు బోర్డు మసగ్గా కనిపిస్తుంది. మైనస్ అద్దాలు ఆ కలిసే చోటును వెనక్కి జరుపుతాయి. లేజర్ చేసేదీ అదే పని. కాకపోతే ఆ అద్దం నంబరును కార్నియా మీదే చెక్కి, దాని వంపును మధ్యలో కొంచెం చదును చేస్తుంది.

ఎంత చెక్కుతుందన్నదే అసలు విషయం. మన కార్నియా మధ్యలో సుమారు 540 మైక్రాన్ల మందం ఉంటుంది, అంటే అర మిల్లీమీటరు దాటి కొంచెం. 6.5 మిల్లీమీటర్ల వెడల్పున ఒక పాయింట్ సైట్ తగ్గించాలంటే ఇంచుమించు 14 మైక్రాన్లు తీయాలి. మైనస్ 5 ఉన్నవాళ్ళకు 70 మైక్రాన్లు. తల వెంట్రుక మందం సుమారుగా అంతే. స్కూల్లో మొదటి బెంచీ కోసం బతిమాలుకోవడం, వానలో అద్దాలు తుడుచుకోవడం, పొద్దున్నే మంచం పక్కన చేత్తో తడుముకోవడం, ఇన్నేళ్ళ అవస్థ అంతా ఒక వెంట్రుక మందంలో ఉందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

అయితే ఖర్చు అదొక్కటే కాదు. లేసిక్ పద్ధతిలో ముందుగా కార్నియా పైపొరను ఒక మూతలా లేపుతారు. దానికి 110 మైక్రాన్లు వేసుకోండి. తర్వాత ఆ మూతను మళ్ళీ యథాస్థానంలో పరిచేసినా, కంటి బలానికి అది ఇక పెద్దగా పనికిరాదు. 540లో ఆ 110, ఈ 70 పోగా మిగిలేది 360. ఫరవాలేదు. అదే 480 మైక్రాన్ల కార్నియాకు మైనస్ 8 సైట్ ఉంటే? మిగిలేది 258. కనీసం 250 మిగలాలన్నది ఎప్పటినుంచో ఉన్న హద్దు, చాలామంది డాక్టర్లు 300కు తగ్గనివ్వరు. మరీ పల్చబడిన కార్నియా కంటిలోపలి ఒత్తిడికి నిలవలేక నెమ్మదిగా ముందుకు ఉబ్బుతుంది. అప్పుడు చూపు వంకరపోతుంది, అద్దాలతో కూడా సరికాదు.

కొందరి కార్నియా కోన్‌లా ఉబ్బే స్వభావంతో ఉంటుంది. దాన్ని కెరటోకోనస్ అంటారు. మామూలు పరీక్షలో తొలిదశ బయటపడదు. అందుకే ఆపరేషన్‌కు ముందు టోపోగ్రఫీ అనే పరీక్షతో కార్నియా ఎత్తుపల్లాలకు రంగుల మ్యాపు తీస్తారు. కాంటాక్ట్ లెన్సు రోజంతా కార్నియాను ఒత్తుతుంది కాబట్టి దాని ఆకారం కొద్దిగా మారి ఉంటుంది. తీసిన వెంటనే మ్యాపు గీస్తే అది కంటి మ్యాపు కాదు, లెన్సు నొక్కిన కంటి మ్యాపు. మెత్తటి లెన్సులైతే ఒకటి రెండు వారాలు, గట్టి లెన్సులైతే మూడు నాలుగు వారాలు ఆగాల్సిందే. మా అమ్మాయిని తిప్పి పంపింది ఇందుకే.

పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళు, ఏడాదిలో సైట్ అర పాయింట్ కన్నా ఎక్కువ మారినవాళ్ళు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, షుగర్ అదుపులో లేనివాళ్ళు ఆగాలి. రక్షణ, రైల్వే శాఖల్లో కొన్ని ఉద్యోగాలకు లేజర్ చేయించుకున్న కళ్ళ మీద ప్రత్యేక నిబంధనలు ఉంటాయి. నోటిఫికేషన్ చదవకుండా తొందరపడొద్దు. ఇన్ని పరీక్షలూ చేసి "మీకు కుదరదు" అని చెప్పిన డాక్టరును వదిలేసి, కుదురుతుందనేవాళ్ళ కోసం ఇంకో ఆసుపత్రి వెతుక్కోవడం మాత్రం చేయకండి. అలాంటివాళ్ళలో చాలామందికి కంటిలోపల అమర్చే లెన్సు అనే దారి ఒకటుంది.

ఇంత సన్నగా, పక్కనున్న కణజాలం కాలకుండా చెక్కడం ఎలా సాధ్యమైంది? 1981లో అమెరికాలో ఐబీఎం పరిశోధనశాలలో పనిచేస్తున్న రంగస్వామి శ్రీనివాసన్, మద్రాసులో పుట్టిన రసాయన శాస్త్రవేత్త, థాంక్స్‌గివింగ్ పండగ విందులో మిగిలిన టర్కీ కోడి ముక్కను ల్యాబుకు తెచ్చి, ఎక్సైమర్ లేజర్ కింద పెట్టారు. 193 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి అది. చుట్టూ మాడిన జాడ లేకుండా గాడి నీటుగా తెగింది. ఈ కాంతి వేడితో కాల్చదు. అణువుల మధ్య బంధాలనే తెంపేస్తుంది, తెగిన పదార్థం ఆ క్షణమే ఎగిరిపోతుంది. ఒక్కో దెబ్బకు మైక్రాన్‌లో పావు వంతు. శ్రీనివాసన్, జేమ్స్ విన్, శామ్యూల్ బ్లమ్ చేసిన ఈ పరిశోధనకు గుర్తుగా అందరూ చూపించే ఫోటో, వరసగా గాట్లు పెట్టిన తల వెంట్రుకది. స్టీఫెన్ ట్రోకెల్ అనే కంటి డాక్టరు ఇది కార్నియాకు పనికొస్తుందని గ్రహించి 1983లో శ్రీనివాసన్‌తో కలిసి పరీక్షించారు. మూత లేపడానికి వాడే ఫెమ్టోసెకండ్ లేజర్ వేరే. దాని వెనకున్న సూత్రానికి డోనా స్ట్రిక్‌లాండ్, జెరార్ మూరూలకు 2018లో భౌతికశాస్త్ర నోబెల్‌లో సగభాగం దక్కింది.

ఇక ఆపరేషన్ రోజు. మత్తు ఇంజెక్షన్ ఉండదు, చుక్కల మందే. ఒక నిమిషంలో కన్ను మొద్దుబారుతుంది. అందరినీ పీడించే టెన్షన్ ఒకటే, "మధ్యలో రెప్ప వేస్తే?" వేయలేరు. చిన్న క్లిప్పు రెప్పలను పట్టి ఉంచుతుంది. మూత కోసే మొదటి మెషీన్ కంటిని గట్టిగా అదిమి పట్టినప్పుడు కొన్ని క్షణాలు ఆ కంటికి అంతా చీకటైపోతుంది. ఇది ముందే తెలియకపోతే గుండె ఝల్లుమంటుంది. తర్వాత రెండో మెషీన్. మూత లేపగానే ఎదురుగా ఉన్న లైటు నీళ్ళ అడుగున వెలుగుతున్నట్టు చెదురుతుంది. దాన్నే చూస్తూ ఉండమంటారు. టకటకమని చప్పుడు, వెంట్రుక కాలిన వాసన. చాలామంది భయపడేది ఆ వాసనకే, కన్ను కాలిపోతోందేమోనని. కాలడం లేదు, ఎగిరిపోయిన కణజాలం వాసన అది. కన్ను కొద్దిగా కదిలినా మెషీన్ వెంటాడి సరిచేసుకుంటుంది, మరీ కదిలితే ఆగిపోతుంది. ఓ మోస్తరు సైట్‌కు లేజర్ పడేది అర నిమిషం లోపే.

మా అమ్మాయికి ఆ సాయంత్రం ఉల్లిపాయలు తరిగినట్టు కళ్ళు ధారగా కారాయి. చీకటి గదిలో పడుకుంది. తెల్లారి లేచి, అలవాటుగా దిండు పక్కన చెయ్యి పెట్టి తడుముకుని, ఆగి, గోడ గడియారం వైపు చూసి టైం చెప్పింది. అక్క ఏడ్చేసింది.

కష్టం ఆ తర్వాతి నెలల్లో తెలుస్తుంది. మూత కోసినప్పుడు కార్నియాలోని సన్నటి నరాలు తెగుతాయి. కన్ను ఎండుతోందని మెదడుకు చెప్పేవి అవే. కబురు అందకపోతే కన్నీరూ తగ్గుతుంది, రెప్ప కొట్టడమూ తగ్గుతుంది. ఏసీ గదిలో కంప్యూటర్ ముందు కూర్చుంటే సాయంత్రానికి కళ్ళలో ఇసుక పోసినట్టుంటుంది. నరాలు మళ్ళీ పెరిగే దాకా, ఆరు నెలల నుంచి ఏడాది వరకు, కన్నీటిలా పనిచేసే చుక్కల మందు వేసుకోవాలి. రాత్రిపూట బైకు లైట్ల చుట్టూ వలయాలు కనిపిస్తాయి. చాలామందికి తగ్గిపోతాయి. కొద్దిమందికి ఎండిపోవడమూ వలయాలూ పూర్తిగా పోవు, ఆ సంగతి సంతకం పెట్టే ముందే డాక్టరుతో విడమరచి మాట్లాడుకోవాలి.

మొదటి వారం తలస్నానం వద్దు, మెడ కింది దాకానే. కాటుక, ఈత డాక్టరు సరే అనే వరకు ఆపాలి. అన్నిటికన్నా ముఖ్యం, కళ్ళు నులుముకోకూడదు, మూత జారుతుంది. గట్టి దెబ్బ తగిలితే ఏళ్ళ తర్వాత కూడా జరగొచ్చు. కబడ్డీ, బాక్సింగ్ ఆడేవాళ్ళకు మూత లేకుండా పైనుంచే చెక్కే పీఆర్‌కే పద్ధతి చెప్పేది అందుకే. అందులో మూడు రోజులు నొప్పి ఉంటుంది, చూపు కుదురుకోవడానికి వారాలు పడుతుంది. ఏ పద్ధతిలోనైనా నొప్పి, ఎరుపు, చూపు తగ్గడం కలిసి వస్తే చెకప్ తేదీ దాకా ఆగకుండా వెంటనే వెళ్ళాలి.

లేజర్ మార్చేది ముందున్న పొరనే. పొడుగైన కనుగుడ్డు పొడుగ్గానే ఉంటుంది, సాగిన రెటీనా సాగే ఉంటుంది. కాబట్టి కళ్ళజోడు పోయినా ఏడాదికోసారి రెటీనా పరీక్ష తప్పదు. నలభై దాటాక చత్వారం కూడా అందరితోపాటే వస్తుంది. అది లోపలి లెన్సు సంగతి, కార్నియాది కాదు.

ఆపరేషన్‌కు ముందు తీసిన కొలతల కాగితాలన్నీ ఇంటి దస్తావేజులతో పాటు బీరువాలో పెట్టమని అక్కకు చెప్పాను. వయసు మీద పడ్డాక శుక్లాలు వస్తే, లోపల పెట్టాల్సిన లెన్సు పవరును కార్నియా వంపును బట్టి లెక్కగడతారు. చెక్కిన కార్నియా మీద మామూలు సూత్రం తప్పు అంకె ఇస్తుంది. అప్పుడు ఆ డాక్టరుకు కావాల్సింది ఈ పాత అంకెలే. అక్క ఫైలు మీద పెద్దక్షరాలతో "కళ్ళు" అని రాసి, తేదీ వేసింది.