కియోస్క్‌కి మన పేరు ఎలా తెలిసేది?

అమెరికా ఎయిర్‌పోర్టుల్లో చాలా ఏళ్లు నడిచిన పద్ధతి ఇది. చెక్-ఇన్ కియోస్క్‌లో ఏదో ఒక క్రెడిట్ కార్డు పెట్టి తీస్తే చాలు, మన ప్రయాణం వివరాలు తెర మీదికి వచ్చేసేవి. టికెట్ కొన్న కార్డే పెట్టాలని లేదు, నిన్నగాక మొన్న చేతికొచ్చిన కార్డుతోనూ పని జరిగేది. మన కార్డులన్నిటి చిట్టా ఎయిర్‌లైన్ దగ్గర ఉందేమోనని కంగారుపడాల్సిన పనిలేదు. బుకింగ్‌లో ఉన్న కార్డు నంబరుతో పోల్చే పద్ధతి కూడా ఉంది కానీ, ఏ కార్డైనా చెల్లిందంటే ఆ కియోస్క్ చూసింది నంబరు కాదు, పేరు.

ఆ పేరును కార్డు వెనక నల్ల పట్టీలోకి ఎక్కించింది విమానయాన రంగమే. పట్టీలో మూడు ట్రాకులకు, అంటే సమాచారం రాసే వరుసలకు, చోటుంది. రెండోది అమెరికన్ బ్యాంకర్ల సంఘం రూపొందించినది. అందులో 40 అంకెలు పడతాయి, పేరు ఉండదు. డబ్బు లెక్కకు నంబరు, గడువు తేదీ ఉంటే సరిపోతుంది. కార్డు అంచుకు దగ్గరగా ఉండే మొదటి ట్రాక్ అంతర్జాతీయ ఎయిర్‌లైన్ల సంఘం ఐఏటీఏది. ఇందులో 79 అక్షరాలు పడతాయి. 19 అంకెల వరకు కార్డు నంబరు, దాని తర్వాత 26 అక్షరాల వరకు పేరు, ఆపైన గడువు. పేరు రాసే తీరు కూడా ఎయిర్‌లైన్ బుకింగ్‌లో ఉన్నట్టే: ముందు ఇంటిపేరు, ఒక ఏటవాలు గీత, తర్వాత సొంత పేరు. ఐబీఎం ఈ పట్టీని జనం మధ్య పరీక్షించిన తొలి చోట్లలో ఒకటి 1970లో చికాగో ఓహేర్ ఎయిర్‌పోర్టు. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కార్డులతో, అమెరికన్ ఎయిర్‌లైన్స్ కౌంటర్ దగ్గర టికెట్ యంత్రాలు పెట్టారు.

ఈ-టికెట్లు వచ్చాక కాగితం లేని ప్రయాణికుణ్ణి గుర్తుపట్టడానికి ఏదో ఒక ఆధారం కావాల్సి వచ్చింది. పాస్‌పోర్టు, ఫ్రీక్వెంట్ ఫ్లయర్ నంబరు, క్రెడిట్ కార్డు, వీటిలో ఏదైనా ఆ ఆధారం కావచ్చు. రిజర్వేషన్ భాషలో దాన్ని ఎఫ్‌ఓఐడీ అంటారు. కియోస్క్ మొదటి ట్రాక్ చదివి, పేరు విడదీసి, ఆ ఎయిర్‌పోర్టు నుంచి త్వరలో బయల్దేరే తన విమానాల జాబితాలో వెతుకుతుంది. ఒక్కరే దొరికితే నేరుగా సీటు చూపిస్తుంది. ఇద్దరు ముగ్గురు దొరికితే గమ్యమో పీఎన్ఆరో అడుగుతుంది. బ్యాంకుతో మాట్లాడదు, పిన్ అడగదు. అంటే ఆ కార్డు మనదేనని ఎవరూ తేల్చలేదు. మనిషెవరో చూసే పని సెక్యూరిటీ దగ్గర గుర్తింపు కార్డుదే.

తెలుగువాళ్ల పేర్లు ఇక్కడే ఇరుక్కుంటాయి. కార్డు మీద 'కె వి రమణారావు', పాస్‌పోర్టులో ఇంటిపేరు 'కొత్తపల్లి', సొంత పేరు 'వెంకట రమణారావు' అని ఉంటే, పట్టీలో ఇంటిపేరు చోట 'రావు' పడే అవకాశం ఉంది. బుకింగ్ పాస్‌పోర్టు ప్రకారం ఉంటుంది కాబట్టి యంత్రానికి వీళ్లు ఇద్దరు వేర్వేరు మనుషులు. పొడవైన పేరు 26 అక్షరాల దగ్గర తెగిపోవడం, పెళ్లయ్యాక ఇంటిపేరు ఒకచోట మారి ఇంకోచోట మారకపోవడం కూడా ఇలాంటివే. పేరే లేని గిఫ్ట్ కార్డు ఎందుకూ పనికిరాదు.

దుకాణంలో చక్కగా పనిచేసే కార్డు కియోస్క్‌లో మొరాయించడానికీ కారణం ఉంది. దుకాణం మెషీన్‌కి రెండో ట్రాక్ చాలు. అది అంగుళానికి 75 బిట్లు మాత్రమే. మొదటిది 210 బిట్లు, అంత దగ్గరగా రాసినది. గీత పడినా, మురికి పట్టినా, కార్డు ఆగి ఆగి లాగినా ముందు చెడేది అదే. కార్డును లోపలిదాకా నెట్టి, ఒకే వేగంతో బయటకు తీస్తే చాలాసార్లు చదువుతుంది.

అన్ని ఎయిర్‌లైన్లూ పంచుకునే కియోస్కులకు ఐఏటీఏ సీయూఎస్ఎస్ ప్రమాణం పెట్టాక అసలు చిక్కు మొదలైంది. పేరు కోసమే పెట్టిన కార్డైనా పూర్తి నంబరు ఎవరిదో ఉమ్మడి యంత్రం గుండా పోతుంది. కార్డు వివరాల భద్రత కోసం 2004 చివర్లో వచ్చిన పీసీఐ డీఎస్ఎస్ నిబంధనల ముందు ఇది పెద్ద భారం. అందుకే గుర్తింపు కోసం చదివినప్పుడు నంబరును మాస్క్ చేసి, అంటే అంకెలు కనబడకుండా కప్పేసి, ఇచ్చే ఏర్పాటు చేశారు. మా దృష్టిలో అది మొదటి రోజు నుంచే ఉండాల్సింది. చిరునామా అడిగినవాడికి బీరువా తాళం ఇవ్వం కదా.

ఇప్పుడు ఆ దారే మూసుకుపోతోంది. ట్యాప్ చేసే కార్డు సాధారణంగా పేరు ఇవ్వదు. ఫోన్‌తో ట్యాప్ చేస్తే వచ్చేది అసలు నంబరు కూడా కాదు, దాని బదులు వాడే మారు నంబరు, టోకెన్. మన దేశంలో 2022 అక్టోబర్ 1 నుంచి వ్యాపారులు కార్డు నంబరు దాచుకోకుండా ఆర్‌బీఐ ఆపింది. లావాదేవీల లెక్క సరిచూసుకోవడానికి చివరి నాలుగు అంకెలు, బ్యాంకు పేరు ఉంచుకోవచ్చు, అంతే. కాబట్టి నంబరుతో పోల్చే పద్ధతికీ ఇక్కడ చోటు లేదు. మాస్టర్‌కార్డ్ అయితే 2029 నుంచి కొత్త కార్డులకు నల్ల పట్టీ వేయబోమని, 2033 నాటికి తన క్రెడిట్, డెబిట్ కార్డుల్లో ఉండదని 2021లోనే ప్రకటించింది. కియోస్క్ ముందు నిలబడేటప్పుడు ఆరు అక్షరాల పీఎన్ఆర్, బుకింగ్‌లో ఉన్నట్టే రాసుకున్న ఇంటిపేరు చేతిలో ఉంచుకోండి.